బెరుకు పోకపోతే మనిషి మారనట్టేనా?

తెలుగునాట కొన్ని దశాబ్దాలుగా ఒక నమ్మకం అడిగేవాళ్లు లేకుండా చలామణీ అవుతోంది. ఎదగాలనుకున్నవాడు ముందు తన ఇమేజ్ మార్చుకోవాలని, మాటతీరు, నడక, కట్టుబొట్టు, ఉచ్చారణ కొత్తగా దిద్దుకుంటే లోపల గూడుకట్టుకున్న పాత బెరుకు దానంతటదే పోతుందని, పోలేదంటే ఆ మనిషి సరిగ్గా మారలేదనే అర్థమని ఆ నమ్మకం సారాంశం. అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో, ఇంజనీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ శిక్షణలో, వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. తెలుగు మీడియంలో చదివి పల్లె నుంచి వచ్చిన కుర్రాడు మాక్ ఇంటర్వ్యూలో కూర్చుంటాడు. నీ గురించి చెప్పమనగానే గొంతు తడారిపోతుంది. నిన్న రాత్రి స్నేహితుడికి అరటిపండు ఒలిచినట్టు చెప్పిన పాఠమే ఇప్పుడు నోట రాదు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, బూట్లు మెరుస్తున్నాయి, చూపు ఎటు నిలపాలో కూడా నేర్చుకున్నాడు. అయినా అతని కాగితం మీద పడే వ్యాఖ్య 'కాన్ఫిడెన్స్ లేదు' అని. బయటికి వచ్చాక స్నేహితులు అనేది ఇంకో మాట: నీలో ఆ కాంప్లెక్స్ ఇంకా పోలేదురా అని.

ఈ తీర్పు తప్పని నా వాదన. రూపం మార్చుకున్నంత మాత్రాన బెరుకు పోదు. అంతకన్నా ముఖ్యంగా, బెరుకు పోకపోవడం మారకపోవడానికి సాక్ష్యం కాదు. ఎందుకంటే మనం మనిషి లోపలి జబ్బుగా లెక్కగట్టే ఈ బెరుకులో చాలా భాగం అతని లోపల పుట్టింది కాదు. ఒకప్పుడు అతని గురించి ఇతరులు చెప్పిన తీర్పు అది. ఆ తీర్పు ఇంకా అమల్లో ఉండగా దాన్ని మరిచిపోలేకపోవడం అతని బలహీనత ఎలా అవుతుంది?

ముందు ఈ నమ్మకం వెనకున్న శాస్త్రం సంగతి చూద్దాం. సెల్ఫ్ ఇమేజ్ అనే భావనను జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ముఖ్యుడు మాక్స్‌వెల్ మాల్ట్జ్. ఆయన మానసిక వైద్యుడు కాడు, న్యూయార్క్‌లో ప్లాస్టిక్ సర్జన్. 1960లో 'సైకో సైబర్నెటిక్స్' రాశాడు. ముక్కు సరిచేసి, మచ్చ తొలగించి పంపిన రోగుల్లో కొందరు అద్దంలో చూసుకున్నాక కూడా తమలో ఏ మార్పూ రాలేదనడం ఆయన్ని ఆలోచనలో పడేసింది. ముఖం మారింది, ముఖం గురించిన బాధ అలాగే ఉండిపోయింది. ఇమేజ్ మారిస్తే బెరుకు పోతుందన్న వాదానికి ఇంతకంటే గట్టి ప్రతిసాక్ష్యం ఉండదు. అది ఆ వాదానికి దారివేసిన మనిషి చేతిలోనే దొరికింది. ఆయన మాత్రం, అయితే లోపలి బొమ్మను కూడా మార్చాలన్న నిర్ణయానికి వచ్చాడు. కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని కూడా ఆ పుస్తకంలో రాశాడు. తర్వాతి ప్రచారకులు ఆ 'కనీసం' వదిలేశారు. ఇరవై ఒక్క రోజుల్లో కొత్త మనిషివి అవుతావన్న హామీ అలా పుట్టింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు పరుగెత్తడం వంటి అలవాట్లు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని వాళ్ల అంచనా. మధ్యాహ్నం ఒక పండు తినే అలవాటుకే ఇంత వ్యవధి కావాలి. బడిలో, బస్సులో, బంధువుల పెళ్లిళ్లలో పదిహేనేళ్ల పాటు పడిన చిన్నచూపును మూడు వారాల్లో తుడిచేస్తామని చెప్పేవాళ్లు ఏ ఆధారంతో చెబుతున్నారో అడగాల్సిన బాధ్యత ఫీజు కట్టేవాళ్లకుంది.

పొద్దున్నే అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ణి అని పదిసార్లు చెప్పుకోమనే సలహా కూడా ఈ కోవలోదే. వాటర్లూ యూనివర్సిటీకి చెందిన జోయాన్ వుడ్, ఆమె సహచరులు దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. అసలే తమ మీద తమకు నమ్మకం ఉన్నవాళ్లకు ఇలాంటి వాక్యాలు కాస్త ఊతమిచ్చాయి. నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లు మాత్రం ఆ వాక్యాలు చెప్పుకున్నాక, చెప్పుకోనివాళ్ల కంటే దిగులుగా కనిపించారు. ఎవరికి మందు అవసరమో వాళ్లకే అది వికటించింది. ఛాతీ విరుచుకుని రెండు నిమిషాలు నిలబడితే శరీరంలో హార్మోన్లే మారిపోతాయని 2010లో ఒక అమెరికన్ అధ్యయనం ప్రకటించింది. అందులో పాల్గొన్నది 42 మంది. 2015లో 200 మందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనబడలేదు. బలంగా ఉన్నామన్న భావన మాత్రం కొంత కనిపించింది. మొదటి అధ్యయనంలో ముఖ్య రచయిత్రి అయిన డేనా కార్నీ 2016లో ఆ ఫలితాన్ని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా చెప్పింది. శాస్త్రవేత్త తన మాట వెనక్కి తీసుకున్నా, ఆ భంగిమ నేర్పే పాఠాలు ఇప్పటికీ ఆగలేదు.

అధ్యయనాల కంటే జీవితాలు మెరుగైన సాక్ష్యం. గాంధీ జీవితం అందరికీ తెలిసిందే అయినా, ఈ కోణంలో దాన్ని తగినంతగా చదవలేదని నా అభిప్రాయం. 1888లో లండన్ చేరిన పద్దెనిమిదేళ్ల యువకుడికి మాంసం తినకపోవడం వల్ల, బొంబాయిలో కుట్టించుకున్న దుస్తుల వల్ల, సభ్యసమాజంలో తాను ఎబ్బెట్టుగా కనిపిస్తున్నానన్న బాధ పట్టుకుంది. దాంతో పూర్తిస్థాయి ఇంగ్లిష్ జెంటిల్మన్‌గా మారాలని నిర్ణయించుకున్నాడు. ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లో బట్టలు కుట్టించుకున్నాడు, 19 షిల్లింగులు పోసి పొడుగు టోపీ కొన్నాడు, బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్లకు ఈవెనింగ్ సూట్ కుట్టించాడు. రోజూ పెద్ద అద్దం ముందు పది నిమిషాలు టై సవరించుకోవడానికి, పాపిడి తీసుకోవడానికి పోయేవి. మూడు పౌండ్లు కట్టి డాన్సు క్లాసులో చేరితే పియానో తాళానికి అడుగు కుదరలేదు. చెవికి సంగీతం అలవాటు కావాలని మూడు పౌండ్లకు వయొలిన్ కొన్నాడు. వక్తృత్వం నేర్పే టీచర్ దగ్గరికి కూడా వెళ్లాడు. ఈనాడు మనం ప్యాకేజీగా అమ్ముతున్నదంతా, బాడీ లాంగ్వేజ్ నుంచి గ్రూమింగ్ దాకా, ఆ యువకుడు 19వ శతాబ్దపు లండన్‌లోనే కొనుక్కున్నాడు. ఆ మోజు మూడు నెలలే నిలిచిందని ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన బెరుకు పోయిందా అంటే పోలేదు. లండన్ శాకాహార సంఘం కార్యవర్గంలో ఉండి కూడా నోరు విప్పలేక, అభిప్రాయం కాగితం మీద రాసుకెళ్తే వేరొకరు చదవాల్సి వచ్చింది. వెంట్నర్‌లో జరిగిన ఒక సమావేశంలో తాను రాసుకున్న ఒక్క పేజీని చదవబోతే కళ్లు మసకబారి చేతులు వణికాయి, పక్కనున్న మిత్రుడు అందుకుని చదివాడు. బారిస్టరై బొంబాయి వచ్చాక స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు, ఫీజు 30 రూపాయలు. క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచి నిలబడ్డాడు, తల తిరిగింది, ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కేసు వేరే వకీలుకు అప్పగించి, తీసుకున్న ఫీజు తిరిగి ఇచ్చేశాడు. ఇంగ్లండులో చదువు, సూటు, బారిస్టరు పట్టా అన్నీ ఉన్న మనిషి పరిస్థితి అది. మార్పు వచ్చింది దక్షిణాఫ్రికాలో. 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకులను సమావేశపరిచి వ్యాపారంలో నిజాయితీ గురించి, అక్కడి మనవాళ్ల అవస్థల గురించి మాట్లాడాడు. ఆయన బహుశా తన మొదటి బహిరంగ ప్రసంగంగా చెప్పుకున్నది దాన్నే. ఈసారి చెప్పాల్సిన విషయం ఉంది, వినాల్సిన జనం ఉన్నారు, తనకూ వాళ్లకూ జరుగుతున్న అవమానం ఒక్కటే. అయినా ఆ బిడియం తనను పూర్తిగా ఎన్నడూ వదల్లేదని, కొత్త సభల్లో ఎప్పుడూ తటపటాయించేవాణ్ణని, అదే తనకు మాట పొదుపు నేర్పిందని ఆయన రాసుకున్నాడు. 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి కట్టి దేశమంతా గుర్తుపట్టే రూపం ధరించిన మనిషిలో కూడా ఆ బిడియం మిగిలే ఉందని మనం గుర్తుంచుకోవాలి. బెరుకు పోయాకే మార్పు అనే కొలబద్ద పెడితే, గాంధీ మారలేదని తీర్పు చెప్పాలి.

గాంధీ బెరుకు స్వభావం నుంచి వచ్చిందనుకుంటే, బెరుకు బయటి నుంచి వచ్చి పడటమంటే ఏమిటో అంబేద్కర్ చూపించాడు. 1913 నుంచి న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో, ఆ తర్వాత లండన్‌లో చదివి, 1917లో ఆయన బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరాడు. విదేశాల్లో గడిపిన ఆ సంవత్సరాలు తాను అంటరానివాణ్ణన్న స్పృహను తన మనసులోంచి పూర్తిగా చెరిపేశాయని ఆయన తన జ్ఞాపకాల్లో రాశాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వ్యక్తిత్వ వికాస గురువులు కోరేది సరిగ్గా ఇదే. లోపలి న్యూనత పోయింది, చదువు ఉంది, ఇంగ్లిష్ ఉంది, హోదా ఉంది. బరోడా స్టేషన్‌లో దిగగానే ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎదురైంది. హిందూ హోటళ్లు రానివ్వవు. పార్శీ సత్రానికి వెళితే, పార్శీ కాదని కాపలాదారుకు తెలిసిపోయింది. చివరికి పార్శీ పేరు రిజిస్టరులో రాసుకుని, రోజుకు రూపాయిన్నర తీసుకుని ఉండనిచ్చాడు. పాత సామాన్లు నిండిన పెద్ద హాలులో, మిణుకుమిణుకుమనే లాంతరు వెలుగులో, గబ్బిలాల మధ్య, వేరొకరి పేరుతో ఆయన రాత్రులు గడిపాడు. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్శీలు కర్రలతో వచ్చి, సత్రాన్ని మైలపరిచావంటూ సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి ఆశ్రయం అడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పి తప్పించుకున్నారు. రైలు వేళ దాకా ఆయన ఒక పార్కులో కూర్చున్నాడు. ఆ రోజును తలుచుకుంటే కన్నీళ్లు ఆగవని చాలా ఏళ్ల తర్వాత కూడా రాశాడు.

అప్పటి అంబేద్కర్‌కు ఎవరైనా కాన్ఫిడెన్స్ పెంచుకో అని సలహా ఇస్తే అది ఎంత క్రూరంగా ఉండేదో ఊహించుకోవచ్చు. ఆయన మనసులో లేని న్యూనతను బయటి సమాజం కర్రలు పట్టుకుని వచ్చి మళ్లీ ఆయన మీద రుద్దింది. ఈ ఘటనలో ఇంకో పాఠం కూడా ఉంది. పేరు దాచి తెచ్చుకున్న కొత్త రూపం పదకొండు రోజుల్లో కూలిపోయింది. అదే మనిషి పదేళ్ల తర్వాత, 1927లో, అంటరానివాళ్లను ముట్టనివ్వని మహద్ చెరువు నీళ్లు వేలమందితో కలిసి తన పేరుతోనే, తన కులం దాచకుండానే తాగాడు. ఆ ఏడాది డిసెంబరులో మహద్‌లోనే దళిత స్త్రీలతో మాట్లాడుతూ, తమ కులాన్ని పట్టిచ్చే తీరులో చీర కట్టొద్దని, అలా గుర్తుపట్టించే వెండి నగలు మానెయ్యమని చెప్పాడు. అది కూడా ఇమేజ్ మార్చుకోవడమే. కాకపోతే అది ఎవరికీ తెలియకుండా ఇంకొకరిలా కనబడటానికి కాదు. మాకు గీసిన గీత మేం ఒప్పుకోమని అందరి ముందూ చెప్పడానికి. కాబట్టి నేను రూపం మార్చుకోవడానికి వ్యతిరేకిని కాను. మంచి చొక్కా, స్పష్టమైన మాట, ఇంగ్లిష్ భాష ఎవరి సొత్తూ కావు. కావాలనుకున్నవాళ్లంతా వాటిని తీసుకోవచ్చు, తీసుకోవాలి. పాత తనను దాచేస్తేనే కొత్త తనకు చోటు అనే షరతు దగ్గరే నా అభ్యంతరం.

మన దగ్గరే, మన కళ్లముందే జరిగిన ఉదాహరణ తెలంగాణ యాస. దశాబ్దాల పాటు తెలుగు సినిమా ఆ యాసను ఎక్కువగా రౌడీకీ హాస్యగాడికీ ఇచ్చింది. హైదరాబాదులో చదువుకోవడానికి వచ్చిన తెలంగాణ జిల్లాల పిల్లలు క్లాసులో ఒక భాష, ఇంటికి ఫోన్ చేస్తే ఒక భాష మాట్లాడేవారు. ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే ఎవరైనా వింటున్నారేమోనని గొంతు తగ్గించుకునేవారు. అప్పుడు దానికి పేరు ఇన్‌ఫీరియారిటీ కాంప్లెక్స్. 2014లో రాష్ట్రం ఏర్పడింది. కవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2017లో 'ఫిదా' నాయిక ఆ యాసలో మాట్లాడి రెండు రాష్ట్రాల ప్రేక్షకులను మెప్పించింది. 2023లో 'బలగం' సినిమా అంతా ఆ భాషలోనే నడిచింది. ఈ మధ్యకాలంలో ఆ పిల్లలంతా అద్దం ముందు నిలబడి పాఠాలు వల్లించుకోలేదు. వాళ్ల భాషకు ఉన్న హోదా మారింది, దాంతో గొంతు దానంతటదే పెరిగింది. నిజంగా అది లోపలి జబ్బే అయితే బయట గౌరవం పెరిగితే ఎలా తగ్గుతుంది? శ్రీకాకుళం యాసకు, సీమ యాసకు ఆ న్యాయం ఇంకా పూర్తిగా దక్కలేదు. అక్కడి పిల్లలు ఇప్పటికీ ఇంటర్వ్యూకు ముందు మాట సవరించుకుంటూనే ఉన్నారు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. ఈ క్లాసుల వల్ల బాగుపడినవాళ్లు ఎందరో ఉన్నారు, ఉద్యోగాలు వచ్చాయి, కుటుంబాలు నిలబడ్డాయి, దాన్ని కాదంటావా అని అడుగుతారు. కాదనను. కానీ అక్కడ వాళ్లకు పనికొచ్చింది ఏమిటో చూడాలి. రోజూ గంటసేపు ఇంగ్లిష్‌లో మాట్లాడే అవకాశం, తప్పు మాట్లాడినా నవ్వని నలుగురు, వాక్యం సరిచేసే ఒక టీచర్. అది సాధన. ఏ విద్య అయినా అలాగే వస్తుంది. భాష రానప్పుడు భాష నేర్పాలి. దాంతో పాటు నీ పాత మాట సిగ్గుపడాల్సిందని నేర్పితే, నైపుణ్యంతో పాటు కొత్త భయం కూడా అంటుకుంటుంది. ఎక్కడ పాత యాస దొర్లుతుందో, ఎక్కడ దొరికిపోతానో అన్న భయం అది. ఉద్యోగం వచ్చాక కూడా అది వెంటాడుతుంది. సహోద్యోగులు ఇంటికొస్తామంటే తల్లిదండ్రులను ఊరికి పంపే కొడుకులు, సొంతూరు అడిగితే పక్క పట్టణం పేరు చెప్పే అమ్మాయిలు ఈ శిక్షణ ఫలితాలే. నేర్చుకున్న ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడుతూ కూడా లోపల అనుక్షణం కాపలా కాసుకుంటూ ఉండటం విజయం కాదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త కటువుగా ఉంటుంది. తప్పంతా సమాజం మీద నెట్టేస్తే మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంటాడని, కాబట్టి అబద్ధమైనా సరే, అంతా నీ చేతిలోనే ఉందని చెప్పడమే మేలని అంటారు. అనుభవం ఇందుకు విరుద్ధం. తన అవమానానికి కారణం తనలో లేదని అంబేద్కర్ కంటే స్పష్టంగా తెలిసినవాడు లేడు. ఆయన కంటే ఎక్కువ శ్రమించినవాడూ అరుదు. కారణం బయట ఉందని తెలిసినవాడు రెండు పనులు చేయగలడు: తనకు కావలసిన విద్య నేర్చుకోగలడు, అన్యాయాన్ని వేలెత్తి చూపగలడు. కారణం తనలోనే ఉందని నమ్మినవాడికి మిగిలేది ఒక్కటే, తనను తాను తవ్వుకోవడం. అబద్ధం మీద నిలబెట్టిన ధైర్యం మొదటి తిరస్కారానికే పడిపోతుంది. పడిపోయినప్పుడు ఆ నేరం కూడా అతని నెత్తినే పడుతుంది.

ఇటు వికాస గురువులను వెక్కిరించే పెద్దమనుషులు కొందరున్నారు. పల్లె నుంచి వచ్చినవాడు పట్నపు మాట మాట్లాడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని నవ్వుతారు. లోపల పాత మనిషే ఉండగా ఈ పైపూత ఎందుకని అడుగుతారు. వాళ్లు గురువులకు ప్రత్యర్థుల్లా కనిపించినా ఇద్దరిదీ ఒకటే పునాది. లోపల బెరుకు ఉంటే బయటి మార్పు నకిలీ అన్నదే ఇద్దరి నమ్మకం. ఒకరు ఆ బెరుకును చంపెయ్యమంటారు, మరొకరు మార్పును మానెయ్యమంటారు. వణుకుతూనే మాట్లాడిన మాట కూడా నిజమైన మాటే అని ఇద్దరూ ఒప్పుకోరు. మొదటి తరంలో ఆఫీసు మెట్లెక్కిన ఆడపిల్ల చేతులు చల్లబడుతుండగానే ప్రెజెంటేషన్ ఇస్తే, ఆ ప్రెజెంటేషన్ ఆమెదే, ఆ భయమూ ఆమెదే. ఒకటి ఉన్నందున రెండోది అబద్ధం కాదు. ఇంతకాలం ఆమెను నిలబెట్టింది ఆమె పట్టుదల. ఆ పట్టుదలకు పేరు పెట్టకుండా భయానికి మాత్రమే పేరు పెట్టడం అన్యాయం.

ఈ వ్యాపారంలో లాభపడేది ఎవరో కూడా చెప్పుకోవాలి. 1975లో మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' నలుపు మీదున్న చిన్నచూపును నాలుగు దశాబ్దాలకు పైగా అమ్ముకుంది. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదని, పెళ్లి కాదని, క్రీము రాస్తే రెండూ వస్తాయని ప్రకటనల్లో చూపింది. 2020లో విమర్శలు పెరిగాక కంపెనీ ఆ క్రీము పేరులో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టింది. ఇమేజ్ మార్చుకోవడం కంపెనీకి ఒక్క ప్రకటనతో అయిపోయింది. దశాబ్దాల పాటు ఆ ప్రకటనలు చూస్తూ పెరిగిన ఆడపిల్లల మనసులో పడిన మాట అంత సులువుగా పోలేదు. బెరుకు పోతే కొనేవాళ్లు ఉండరు కాబట్టి, బెరుకు పోగొడతామని చెప్పేవాళ్లకు అది పూర్తిగా పోకుండా ఉండటమే గిట్టుబాటు.

అందుకే కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలకు, ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునేవారికి నా విన్నపం. సబ్జెక్టుకు వేసే మార్కులు, మాటతీరుకు వేసే మార్కులు వేరువేరుగా వెయ్యండి, విద్యార్థికి రెండూ చూపించండి. యాసకు మార్కులు కోయకండి. ఇంగ్లిష్‌లో తడబడుతున్నవాణ్ణి అదే ప్రశ్న ఒకసారి తెలుగులో అడిగి, అతనికి విషయం తెలుసో లేదో తేల్చుకోండి. తెలిస్తే అతనికి కావలసింది భాషలో తర్ఫీదు, ఇవ్వండి. 'కాన్ఫిడెన్స్ లేదు' అన్న వ్యాఖ్య రాయడం మానేసి, ఏ వాక్యం దగ్గర ఆగాడో రాయండి. ఇందులో పైసా ఖర్చు లేదు, వచ్చే ఇంటర్వ్యూ నుంచే మొదలుపెట్టవచ్చు.